వడ్రంగికీ ఒక పాట

బొమ్మలో మా దుకాణం లేదు.
గోడ ఉంది, గోడలో గూడు ఉంది,
గూట్లో మేరీమాత, ఆమె పాదాల దగ్గర గాజుబుడ్డి దీపం.
ఆ దీపానికి చమురు వంతులేసుకుని పోసేవాళ్ళం
నేనూ, చేపలమ్మే జెల్త్రూదా.
ఆమె వంతు రోజున పొద్దుపోకముందే కొండెక్కేది.
బొమ్మలో మాత్రం నిండుగా వెలుగుతోంది,
ఎవరి చమురో.

క్రిస్మస్ తొమ్మిదిరోజులుందనగా
అబ్రుజ్జో కొండలు దిగి రోముకి వచ్చేవాళ్ళు.
గొర్రెతోలు కోట్లు, పిక్కలకి చుట్టిన తోలుపట్టీలు,
వాళ్ళకంటే ముందు సందు మలుపు తిరిగే జున్ను వాసన.
పెద్దాయన బెరార్దీనో చంకలో తోలుతిత్తి.
బతికున్నప్పుడు ఆ మేక ఇంత అరిచి ఉండదని
మా ఆయన వేళాకోళం.
సన్నాయి కుర్రాడిది. సబ్బాతీనో.
పన్నెండేళ్ళుంటాయేమో, వాడికీ తెలీదు.

నొప్పులు రాబోయే తల్లికి ఊరట ఈ పాట,
అంటారు మా వాడలో.
ఆ ఏడు నాకూ నెలలు నిండాయి.
వాళ్ళు గూటికేసి వాయిస్తుంటే
కిటికీ తలుపు ఓరగా తీసి
నా నడుముకి కావలసినంత
నేనూ దొంగతనంగా వినేదాన్ని.

అక్కడ అయ్యాక మా గుమ్మంవైపు తిరిగి
ఇంకో చిన్న పాట. దమ్మిడీ అడక్కుండా.
జోసెఫ్‌గారూ వడ్రంగే కదమ్మా,
ఇల్లాలికి దణ్ణం పెట్టి
ఇంటాయన్ని పలకరించకపోతే ఏం మర్యాద,
అనేవాడు బెరార్దీనో.
మా ఒరెస్తే చిత్రిక ఆపి, టోపీ తీసి,
గడ్డంనిండా చెక్కపొట్టుతో
పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ నిలబడేవాడు.

దొర ఎక్కడో ఉత్తరాన మంచుదేశంవాడు.
మూడుకాళ్ళ బల్ల మా గుమ్మంలోనే వేశాడు,
మాకు వీపు పెట్టి.
వాయించకండి, కదులుతున్నారు, అన్నాడు.
వాళ్ళు ఊరికే నిలబడ్డారు, పాటలా.
ఇటు తిరగండి, మొహాలు కనబడాలి, అన్నాడు.
తల్లికి వీపు చూపించనన్నాడు బెరార్దీనో.
బేరమాడి బేరమాడి చివరికి ఓరగా.
సగం ఆమెకి, సగం డబ్బుకి,
అని తనే నవ్వాడు.

సబ్బాతీనో బుగ్గలు పూరించి బిగబట్టాలి.
ఎంతసేపని?
మొహం వంకాయలా కమిలిపోయేది.
ఇంకొక్క నిమిషం, అనేవాడు దొర
నిమిషానికీ గంటకీ తేడా తెలీని
వచ్చీరాని మా భాషలో.
వాడు దగ్గితే కుంచె ఆపి
దగ్గు అయ్యేదాకా ఓపిగ్గా చూసేవాడు,
మబ్బు తొలగాలని చూసినట్టు.
మధ్యాహ్నం వాడికి వేడిపాలిచ్చాను.
గిన్నెలో మొహం పెట్టి తాగాడు,
రెండు చేతులూ సన్నాయి మీదే.

చట్రం చేసింది ఒరెస్తే.
అక్రోటు చెక్క, మూలల్లో మేకు లేని అతుకు.
సగం డబ్బు చేతికొచ్చింది,
మిగతా సగం మంచులో నడిచి వస్తోంది కాబోలు.
చట్రం వెనక, గోడకి ఆనేవైపు
ఉలితో గోరంత రంపం చెక్కాడు మా ఆయన.
దొరకి చెప్పలేదు.
ఏ మేడలో వేలాడుతోందో గానీ
గోడకీ బొమ్మకీ మధ్య, బూజులో
మా దుకాణం తెరిచే ఉంది.

మరుసటేడు బెరార్దీనో వచ్చాడు.
పక్కన వేరే కుర్రాడు, అదే కోటు.
భుజాల దగ్గర కాస్త వదులు.
సబ్బాతీనో ఏడీ?
తిత్తి మూతి తుడుచుకుంటూ
ఊపిరి చాల్లేదమ్మా, అన్నాడు.
సన్నాయికా, అని అడగబోయి
ఊరుకున్నాను.

నా చంకలో పిల్ల అప్పుడే గుక్కపట్టింది.
బెరార్దీనో తల వంచి విన్నాడు,
ఊళ్ళో ఎవరో చెప్పిన కబురు విన్నట్టు.
గొట్టం రంధ్రం అంచున మైనం
గోటితో గింజంత గిల్లాడు,
ఊదాడు, చాల్లేదు, ఇంకాస్త గిల్లాడు.
పిల్ల ఏడుపు ఎత్తుకి తెచ్చాడు.
అప్పుడు గూటికేసి నిండుమొహంతో తిరిగి
మొదలుపెట్టాడు.

కొత్తవాడు తప్పులు వాయించాడు.
ఆ రోజు చమురు వంతు జెల్త్రూదాది.
పాట సగంలో ఉండగానే
దీపం కొండెక్కింది.
వాళ్ళు ఆపలేదు.